వరద కట్టెలు, ఉప్పుడు ధాన్యం

మా అమ్మ పొద్దున్నే లేచి బియ్యం కుండలోకి తొంగి చూసేది కాదు, పాక చూరు కింద పేర్చిన కట్టెల వైపు చూసేది. "బియ్యం లేపోతే ఎవరో ఒకరు సోలెడు బదులిత్తారు. కట్టె ఎవరిత్తారే?" అనేది. ఆనకట్ట కట్టి కాలవలు తవ్వాక మా గోదావరి ప్రాంతం అన్నపూర్ణ అయిపోయిందని చదువుకున్నవాళ్ళు రాస్తుంటారు. కాదని నేనెందుకంటాను? పొలమున్నవాళ్ళకి అయింది. కానీ ఆ అన్నం ఉడకడానికి కట్టె ఎక్కణ్ణుంచి వస్తుందో ఒక్కరూ రాసిన పాపాన పోలేదు. కాలవ నీళ్ళు పారిన చోటల్లా తుప్పలు నరికి మడులు చేశారు. ఊరి వెనకాల తుమ్మచెట్లు పోయాయి, ఈతపొదలు పోయాయి. పశువులున్న రైతు పేడంతా తన చేలోకి తోలుకునేవాడు. పశువులు లేని మాబోటి వాళ్ళం పిడక కూడా కొనుక్కోవలసిందే.

మా పేట రాజమహేంద్రవరానికీ ధవళేశ్వరానికీ నడుమ గోదావరి గట్టు మీద ఉండేది. అన్నీ చేపలు పట్టుకుని బతికే ఇళ్ళే. నాకు నాలుగు అక్షరాలు వచ్చింది పెళ్ళయ్యాక, మిషను దొరసానమ్మ పెట్టిన బడిలో. అందుకని ఇదంతా ఇంత ఆలస్యంగా రాస్తున్నాను. మా ఇంట్లో అయ్య, అమ్మ, నేను. నా తరవాత పుట్టినవాళ్ళు దక్కలేదు.

వానాకాలంలో చేపలవాళ్ళు పస్తులుంటారని బయటివాళ్ళు అనుకుంటారు. మాకు వానాకాలంలో చేపల కంటే పెద్ద వేట ఉండేది, కట్టెల వేట. నదిలోకి ఎర్రనీరు దిగిందంటే ఎగువ కొండల్లో విరిగిన చెట్లూ కొమ్మలూ వెదుళ్ళూ కొట్టుకొచ్చేవి. అయ్య పడవేసుకుని నడిమి పాయలోకి వెళ్ళేవాడు. దుంగకి ఎదురెళ్ళకూడదు, ఎదురెళ్ళినవాడు ఇంటికి రాడు. దుంగతో పాటే కిందికి జారుతూ, దానికి కొక్కెం తగిలించి, నచ్చజెబుతున్నట్టు మెల్లమెల్లగా గట్టుకి తిప్పాలి. ముందు ఎవరి గుడ్డపీలిక కట్టి ఉంటే ఆ దుంగ వాళ్ళది. దాన్ని ఇంకొకడు ముట్టుకునేవాడు కాదు. రామాయణం మొత్తాన్ని "కట్టె, కొట్టె, తెచ్చె" అని మూడు ముక్కల్లో చెబుతారు కదా, చిన్నప్పుడు అది మా అయ్య గురించే అనుకునేదాన్ని.

వరదలో పట్టిన కట్టె వెంటనే మండదు. గట్టు మీద చీల్చి ఆరేస్తే ఏ కార్తీకానికో పొయ్యిలోకి వస్తుంది. ఒక ఏడు పట్టింది మరుసటి ఏడు దాకా వాడుకునేవాళ్ళం. వంటకే అయితే అంత అక్కర్లేదు. మా ఇంట్లో కట్టెల్ని మింగింది అమ్మ చేసే పని.

అమ్మ ఉప్పుడు ధాన్యం ఉడకబెట్టేది. పట్నంలో ఒక షావుకారుగారు ఓడలకెక్కించే బియ్యం వ్యాపారం చేసేవారు. ఆయన బండ్ల మీద ధాన్యం పంపిస్తే, అమ్మ దాన్ని నానబెట్టి, పెద్ద బానల్లో ఆవిరికి ఉడికించి, చాపల మీద ఆరబోసి తిరిగి పంపేది. దంపుడు ఆయన దొడ్లోనే. దంపితే వచ్చే ఊక కూడా ఆయనదే. ఇటుకల బట్టీలకి అమ్ముకునేవారు. అమ్మకి ముట్టేది కూలికింద కుంచాలతో కొలిచే ధాన్యం. కట్టెలు మాత్రం అమ్మవే. ఆ షరతులో ఎంత కిటుకుందో అప్పట్లో మాకు తెలియలేదు. నది కట్టెలు తెచ్చి వాకిట్లో పడేస్తున్నంత కాలం అమ్మ కూలి అచ్చంగా కూలే. మూడు కడుపులూ నిండేవి.

తరవాత నదిలో కొట్టుకొచ్చే కలపకి కూడా యజమాని పుట్టుకొచ్చాడు. ఒక గుత్తేదారు మా గట్టుకి ఎగువన కలప అడితి పెట్టాడు. నీళ్ళ మీద వచ్చే ఏ దుంగైనా, దాని మీద తన ముద్ర ఉన్నా లేకపోయినా, తనదేనన్నాడు. సర్కారిచ్చిన గుత్త కాగితం ఉందన్నాడు. మేం కాగితం చదవగలిగితే కదా లేదనడానికి! గుడ్డపీలిక కట్టే మా ఆచారాన్ని అడితి గుమాస్తా విని పడీపడీ నవ్వాడట. దుంగ పట్టుకున్నవాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని ఠాణాకి పంపించాక పేటలో కట్టెల వేట ఆగిపోయింది. కొందరు బర్మాలో కూలికని రంగం ఓడెక్కారు. అయ్యకి ఈతా వచ్చు, దుంగల మర్మమూ తెలుసు కాబట్టి గుత్తేదారు తన దగ్గరే కూలికి పెట్టుకున్నాడు. చేసేది పాత పనే. పట్టిన దుంగ మాత్రం గుత్తేదారుది, ఎక్కే పడవ గుత్తేదారుది, అయ్యకి మిగిలింది కూలి.

ఇంట్లోకి డబ్బు రావడం మొదలుపెట్టిన ఏడే కట్టెలు కొనడం కూడా మొదలుపెట్టాం. ఎక్కడ కొంటాం? ఆ అడితిలోనే. అయ్య ప్రాణాలకు తెగించి పట్టిన దుంగని చీల్చి, ఆరబెట్టి, మళ్ళీ అయ్యకే అమ్మేవాళ్ళు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెతని మా ఇంట్లో అందరూ ఒంటితో నేర్చుకున్నాం. అయ్య కూలిలో పెద్ద భాగం అమ్మ పొయ్యిలోకి పోయేది. అమ్మ కూలి మా నోట్లోకి వచ్చేది. రెంటికీ నడుమ ఏమీ మిగిలేది కాదు గానీ, పస్తు కూడా ఉండేది కాదు.

అయ్య సొంత పడవ మాత్రం గట్టెక్కి తాటాకుల నీడన బోర్లించి ఉండేది. వాడకపోయినా ఏటా ఎర్రనీటికి ముందు దానికి సొరచేప నూనె పట్టించేవాడు. అడుగు నుంచి ముక్కు దాకా అరచేత్తోనే రుద్దేవాడు. "ఎక్కని పడవకి నూనెందుకయ్యా? ఆ డబ్బులకి నాలుగు మోపులొత్తాయి," అని అమ్మ దెప్పేది. "ఎండిపోతే నోరు తెరుత్తుందే. ఈ గుత్తలూ గిత్తలూ ఎన్నాళ్ళుంటాయి? రేపు పోతే మన పడవ మనకుండాలా వద్దా?" అనేవాడు అయ్య. నాకు అప్పుడు పదిహేనో పదహారో. ఆ మాట విన్నప్పుడల్లా రేపే గుత్త పోతుందన్నంత ధైర్యం వచ్చేది.

ఇలా నడుస్తుండగా ఒక శ్రావణమాసంలో షావుకారుగారు స్వయంగా వచ్చారు. ఆయన మా వాకిట్లోకి రావడం అదే మొదలు. తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకునే మాట్లాడారు.

"చూడమ్మా, ఓడ వచ్చే పౌర్ణమికి కదులుతుంది. ఎప్పుడూ పంపేదానికి మూడింతలు పంపుతాను. వేళకి ఉడికి, ఆరి రావాలి. ఇది సవ్యంగా చేశావంటే ఏడాది పొడుగునా నా ధాన్యమంతా నీకే. లేదంటే పట్నంలో ఎవరో మిల్లు పెడతారంటున్నారు, అటు చూసుకుంటాను," అన్నారు.

"ఆయ్, చేసేత్తానండి బాబూ," అంది అమ్మ. వానలో ఎలా చేస్తావని ఆయన అడగలేదు. కట్టెలెన్నున్నాయో చూసుకోనివ్వమని అమ్మ అడగలేదు. ఏడాది పొడుగునా పని అన్న మాట విన్నాక ఏ మనిషి మాత్రం చూరు కింది కట్టెల వైపు చూస్తుంది? అది చేజారితే అయ్య కూలి ఒక్కటే దిక్కు. దాంతో కట్టెలే వస్తాయి గానీ కుండలోకి గింజ రాదు.

బండ్లు వచ్చాయి. పేటలో అరువు తెచ్చిన బానల్నిండా ధాన్యం నానబోశాం. ఆ సాయంత్రం పట్టిన ముసురు ఇక వదల్లేదు. వదలకపోగా గోదావరి పొంగింది. వరదొస్తే అడితిలో పనివాళ్ళని ఇళ్ళకి పంపరు. అయ్య అక్కడే ఉండిపోయాడు. సగం బానలు ఉడికేసరికి మా కట్టెలు అడుగంటాయి. పిడకలు చెమ్మెక్కి మెత్తబడ్డాయి. ఇరుగుపొరుగు వాళ్ళు తలా నాలుగు పుల్లలిచ్చారు, పాపం వాళ్ళ దగ్గర మాత్రం ఏముంది? నానిన ధాన్యం ఎక్కువసేపు ఆగదు. పులిసి కంపెక్కుతుంది, ఆ పైన మొలకొస్తుంది. ఉడికిన ధాన్యమైనా ఎండ లేకపోతే బూజు పడుతుంది. ఉడకబెట్టడానికీ నిప్పు కావాలి, ఆరబెట్టడానికీ నిప్పు కావాలి.

అమ్మా నేనూ గోనెసంచులు నెత్తిన వేసుకుని అడితికి వెళ్ళాం. రేకుల కింద ఎండుకట్టెలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. అంత కట్టె ఒక్కచోట చూసి నాకు ఆకలేసినట్టయింది. గుమాస్తా గొడుగు కింద నిలబడి ఉన్నాడు. అమ్మ కొంగు ముడి విప్పి చూపించి, రెండు బండ్ల కట్టె కావాలంది.

"అమ్మకం లేదమ్మా. ఇదంతా పొగపడవలకి ఒప్పుకున్న సరుకు," అన్నాడు.

అప్పుడే అయ్య నీళ్ళలోంచి గట్టెక్కాడు. ఒంటి నిండా బురద. మమ్మల్ని చూసి సంగతి అర్థం చేసుకున్నాడు. గుమాస్తా దగ్గరికొచ్చి చేతులు కట్టుకున్నాడు. "నా కూలిలో పట్టుకోండి బాబూ. ఈ వారంది, వచ్చే వారంది కూడా పట్టుకోండి. ధాన్యం నానిపోయి ఉందండి."

"నీ కూలెంత, ఆ కట్టె ఖరీదెంత? మధ్యలో నిలబడి వాదిస్తే ఆ వచ్చే దుంగ ఎవరు పడతారు?" అన్నాడు గుమాస్తా.

అయ్య నది వైపు చూశాడు. నిజంగానే పెద్ద మద్దిదుంగ ఒకటి వస్తోంది. అమ్మ వైపు ఒకసారి చూసి, మళ్ళీ నీళ్ళలోకి దిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గుమాస్తా మీద కంటే అయ్య మీద ఎక్కువ మండింది. ఒక్క మాట గట్టిగా అనలేడా అనుకున్నాను. అంటే ఆ కూలి కూడా పోతుందని తెలిసే వయసే నాది, అయినా కోపం ఆగలేదు.

ఇంటికొచ్చి అమ్మ గొడ్డలి తీసుకుంది. తిన్నగా పడవ దగ్గరికి నడిచింది.

మా వాళ్ళలో పడవ చెక్క పొయ్యిలో పెట్టరు. పడవంటే ఇంటి పెద్దకొడుకు లెక్క. పనికిరాకుండా పోతే పసుపు రాసి నదిలో వదిలేస్తారు, లేదా గట్టునే పుచ్చిపోనిస్తారు. చలికాలంలో వణికి చస్తున్నా దాంట్లో పుల్ల విరవరు. అందుకే అమ్మ తాటాకులు లాగేస్తుంటే నేను అడ్డం వెళ్ళాను. "వద్దే అమ్మా, అయ్య చంపేత్తాడు," అన్నాను.

"చంపితే చంపనీ. తినకుండా చచ్చేదానికంటే అదే నయం. ఎడం జరుగు," అంది.

పడవ ముక్కుకి దణ్ణం పెట్టుకుని మొదటి దెబ్బ వేసింది. ఆ చప్పుడుకి పక్కింటి వాళ్ళు బయటికొచ్చి, చూసి లోపలికి వెళ్ళిపోయారు. మేకు తగిలినప్పుడల్లా గొడ్డలి ఖంగుమనేది. కొంతసేపటికి అమ్మ చెయ్యి ఎత్తలేకపోతే నేనందుకున్నాను. ఏడుస్తూనే కొట్టాను. అమ్మ మాత్రం ఏడవలేదు. ఏళ్ళ తరబడి నూనె తాగి, నీడన ఆరిన చెక్క. అంటించగానే భగ్గుమంది. అంత బాగా మండే కట్టె మా ఇంట్లో మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. మిగిలిన బానలన్నీ ఉడికాయి. తరవాత పాక లోపల తడకలు ఎత్తుగా కట్టి, వాటి మీద చాపలు పరిచి, ధాన్యం పల్చగా పోసి, కింద మూకుళ్ళలో ఆ చెక్కల నిప్పులే పెట్టాం. పాకంతా పొగ. వంతులవారీగా కూర్చుని ధాన్యం తిరగేశాం. చివరికి గింజ పంటి కింద టకామని విరిగింది. అమ్మ నవ్వింది. "గట్టెక్కాం," అంది.

వరద తీశాక అయ్య ఇంటికొచ్చాడు. తాటాకులు చెల్లాచెదరుగా పడి ఉన్న చోట నిలబడిపోయాడు.

"పడవేదే?"

"పొయ్యిలో ఉంది," అంది అమ్మ.

నేను గోడకి అంటుకుపోయాను. అయ్య వెళ్ళి పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. పుల్లతో బూడిద కదిపాడు. కదుపుతూనే అన్నాడు, "మేకులు లాక్కుండా కొట్టారా? గొడ్డలి పదును పోయుంటది. నన్ను కేకేత్తే నేనే వొచ్చి విప్పదీసి ఇచ్చేవోణ్ణి కదే."

"నువ్వు రాగలిగితే కేకెయ్యనా?" అంది అమ్మ.

అయ్య బూడిదలోంచి మేకులు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాడు. "పోనీలే, ఏడాదంతా పనుందన్నారుగా. పడవ మళ్ళీ కట్టుకోవచ్చు," అన్నాడు. అడితి దగ్గర నాకొచ్చిన కోపం అప్పుడు పోయింది. ఆ మనిషి మీద ప్రేమ పొంగుకొచ్చింది.

మర్నాడు ధాన్యం బండ్లకెత్తి అమ్మా నేనూ కూడా పట్నం వెళ్ళాం. షావుకారుగారి దొడ్లో బస్తా విప్పారు. ఆయన గుప్పెడు గింజలు తీసి, అరచేతిలో నలిపి, పొట్టు ఊది, రెండు గింజలు నోట్లో వేసుకున్నారు. కొరికారు. తరవాత ఆయన మొహం చూడాలి! ఉమ్ముకుంటూ నూతి దగ్గరికి పరిగెత్తారు. పుక్కిలించి వచ్చి, ఇంకో బస్తా విప్పించి ఈసారి వాసన మాత్రం చూశారు. వెంటనే తువ్వాలు ముక్కు మీదికెళ్ళింది.

"చేప! ధాన్యమంతా చేప కంపు! ఏం చేశావమ్మా దీన్ని?"

అమ్మకి అర్థం కాలేదు. తనూ గుప్పెడు తీసుకుని వాసన చూసింది. "ఏం రావట్లేదండి బాబూ," అంది. నేనూ చూశాను. నాకూ ఏమీ రాలేదు. ఎలా వస్తుంది? మా బట్టలూ, మా జుట్టూ, మా పాక గుంజలూ అన్నీ అదే వాసన. చేపనూనె వాసన మాకు గాలితో సమానం. చెక్కలోని నూనె పొగై, ఆ పొగ తడి గింజలోకి ఎక్కుతుందని మాకు తట్టలేదు. పేటలో ఎవరికీ తట్టి ఉండేది కాదు. ఇంకెవరైనా ఆ చెక్కని చూడగానే ముక్కు మూసుకుని అవతల పారేసేవారు.

షావుకారుగారు చెడ్డవారని అనను. అరిచారు, అంతే. "నీ కూలి ఈ కంపులోంచే కొలుచుకుపో. మళ్ళీ నా ధాన్యం మీ గడప తొక్కదు," అన్నారు. అమ్మ కాళ్ళు పట్టుకోబోతే, ముట్టుకోవద్దని వెనక్కి జరిగారు. మిగతా ధాన్యం ఆయన పారబోశారనుకునేరు, శుభ్రంగా దంపించి ఓడెక్కించారు. రంగంలో కూలికి పోయినవాళ్ళకి ముక్కులెందుకనుకుని ఉంటారు. మా పేటవాళ్ళు ఎవరైనా అది తిన్నారేమోనని ఇప్పటికీ అనుకుంటాను.

అలా పనీ పోయింది, పడవా పోయింది. ఇంటికొచ్చి అమ్మ సంగతంతా అయ్యకి చెప్పింది. గుత్త పోతే మన పడవ మనకుంటుందనే మాట ఆ తరవాత ఆయన నోట నేను వినలేదు. అడితి కూలి ఒక్కటే మిగిలింది. ఆ అడితిలోనే ఆయన ముసలివాడయ్యాడు.

కూలికింద వచ్చిన ధాన్యం దంపి అమ్మ ఆ సాయంత్రమే వండింది. విస్తరేసి ముందు అయ్యకి పెట్టింది. అయ్య ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, నమలకుండా ఆగిపోయాడు. మాకు తెలియని వాసన ఆయనకి తెలిసింది. ఏటా అరచేత్తో ఆ నూనె రుద్దిన మనిషి కదా. ఆయన తింటున్నది తన పడవని.

"వాసనొత్తోందా?" అనడిగింది అమ్మ.

"ఏం వాసన? శుభ్రంగా ఉంది. ఇంకొంచెం పెట్టు," అన్నాడు.

అమ్మ పెట్టింది. పడవ కొట్టిన రోజున ఏడవని మనిషి, షావుకారు ముందు ఏడవని మనిషి, అన్నం వడ్డిస్తూ ఏడ్చింది. అయ్య తలెత్తలేదు. విస్తట్లో ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు.